గీతలో పట్టని పిట్ట

మా పార్కులో బెంచీలు బాగుచేసే ఆవిడ తెల్లవారకముందే వచ్చి చెట్లకు కన్నాలు పెడుతుందని, ఆ కన్నాల్లో ఏదో పోసి చెట్టును చంపుతుందని, చచ్చిన చెట్టు కర్రతో కొత్త బెంచీలు చేస్తుందని నడకకు వచ్చేవాళ్లు చెప్పుకున్నారు. ఏం పోస్తుందన్న దగ్గర మాత్రం వాళ్లు ఒక్క మాట మీద లేరు. రిటైరైన కాంపౌండరు యాసిడ్ అన్నాడు. ఆయన వెనకే నడిచే తోడికోడళ్లలో పెద్దావిడ ఉప్పునీళ్లంది, చిన్నావిడ మరిగిన నీళ్లంది. వాళ్లిద్దరూ దేనిమీదా కలవరు కాబట్టి అది లెక్కలోకి రాదు. కొలను వెనక నిలువునా ఎండిపోయిన పెద్ద చెట్టును చంపింది ఆవిడేనని మాత్రం ముగ్గురూ ఒప్పుకున్నారు.

ఆ మాట పుట్టింది నా చేతిలో. నేను రాసింది ఐదు మాటలు.

నేను గేటు పక్కన టికెట్ల గదిలో కూర్చుంటాను. తొమ్మిదో తరగతి మధ్యలో ఉండగా మా అమ్మ నడుము పడిపోయింది. ఇంట్లో ఒకరు ఉండాలి కదా అని ఉండిపోయాను. అమ్మ లేచి తిరిగేసరికి నా వయసు పిల్లలు బడి దాటిపోయారు. ఈ గది కిటికీ నా మొహం కంటే కాస్త పెద్దది. అందులోంచి అవతలి మనిషి చెయ్యి, పొట్ట, సంచి కనిపిస్తాయి. టికెట్టు కొన్నవాళ్లు నన్ను రెండే అడుగుతారు, బాత్రూం ఎక్కడ, బెంచీలు ఖాళీగా ఉన్నాయా అని. లోపల ఇంకేముందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. గది వెనక గోడమీద ఒక తొండ ఎండలో దండీలు తీస్తుంది. విరిగి బోర్లాపడిన పడవ మీద నీటికాకి రెక్కలు రెండూ చాపి, బట్టలు ఆరేసినట్టు ఆరేసుకుని, అరగంట కదలకుండా నిలబడుతుంది. పొదల్లోంచి ముంగిస ఒకటి సరిగ్గా తుడిచే మనిషి చీపురు పక్కన పెట్టాక దారి దాటుతుంది.

టికెట్లతోపాటు రోజువారీ పుస్తకం రాయడం నా పని. పైపు పగిలితే, దీపం పోతే, గొడుగు దొరికితే అందులో రాయాలి. నాకంటే ముందు పనిచేసిన ఆయన ఒక గొడుగు గురించి ఒకటిన్నర పేజీ రాశాడట. అందుకని సూపరింటెండెంటు గారు నేను చేరిన రోజే కట్టడి చేశారు. ఒక సంగతికి ఒకే గీత. గీత దాటకూడదు, కిందికి దిగకూడదు.

ఇక బెంచీలావిడ సంగతి. ఆవిడకు యాభై రెండేళ్లు. మనిషి పొట్టి, చేతులు పొడుగు. తండ్రి దగ్గర పని నేర్చుకుంది. పెళ్లయ్యాక భర్త పని చూసి, ఆయన్ని కూర్చోబెట్టి తనే చేసిందని అంటారు. ఇప్పుడు ఆయన లేడు, పని ఉంది. పార్కులో ఆవిడకు పంపు గది వెనక ఒక రేకుల షెడ్డు, ఏడాదికొకసారి ఆఫీసు ఇచ్చే ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితం గడువు తీరేలోగా కొత్త కాగితం రాకపోతే షెడ్డు ఉండదు, పనీ ఉండదు. పదకొండేళ్లుగా వస్తోంది. అయినా ప్రతి ఏడూ ఆ నెలలో ఆవిడ మాట తగ్గిపోయేది. అందరూ ఆవిడను పిన్ని అంటారు. నేనూ అలాగే పిలుస్తాను.

పిన్ని చూసి పని చెయ్యదు, విని చేస్తుంది. ప్రతి బెంచీ మీదా కూర్చుని కుడికీ ఎడమకీ ఒకసారి కదులుతుంది. అది కిర్రుమంటే ఒక జబ్బు, టక్కుమంటే ఇంకో జబ్బు. ఏమీ అనకపోతే ఆవిడకు అనుమానం. ఈ పార్కులో మోకాలి ఎత్తు వరకు పిన్నికి తెలియనిది లేదు. ఏ బెంచీ కోడు ఎప్పుడు మార్చిందో, ఏ మేకు ఎవరి చీర చింపిందో అన్నీ చెప్పగలదు. మోకాలికి పైన ఏముందో ఆవిడ పదకొండేళ్లలో ఒక్కసారీ చూసినట్టు లేదు.

ఈ ఏడాది కాగితానికి ఇంకా మూడు వారాలు ఉందనగా పొద్దున్నే ఒక చప్పుడు ఆవిడ చెవిన పడింది. కొలను అవతల ఎవరో సుత్తి కొడుతున్నారు. చిన్న సుత్తి, గబగబా కొట్టే చెయ్యి. కాసేపు కొట్టి ఆపుతాడు, మళ్లీ మొదలుపెడతాడు. పిన్ని షెడ్డులోనే కూర్చుని రెండు రోజులు విన్నది. ఆఫీసువాళ్లు తన చోటులోకి ఇంకో వడ్రంగిని తెచ్చుకుని, ముందుగా పని చేయించి చూస్తున్నారని అర్థం చేసుకుంది. వెళ్లి అడుగుదామా అంటే, అడిగితే గుర్తుచేసినట్టవుతుందని ఆగిపోయింది. మనిషిని కళ్లతో చూశాక మాట్లాడదామని రోజూ అరగంట ముందుగా రావడం మొదలుపెట్టింది. ఆవిడ కొలను దగ్గరికి చేరేసరికి చప్పుడు ఆగిపోయేది. చెట్టు చాటున నిలబడేది. అతను వచ్చేవాడు కాదు. నడకకు వచ్చినవాళ్లు వచ్చేవాళ్లు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

అప్పట్లో నాతో అన్నది ఇంతే.

"అమ్మాయ్, సంచి పట్టుకుని కొత్తవాళ్లెవరైనా లోపలికి పోతున్నారా?"

"అందరూ సంచులతోనే పోతారు పిన్నీ."

"బరువు సంచి. మనిషి ఒక పక్కకి వంగి నడుస్తాడు."

అలాంటి మనిషిని చూడలేదన్నాను. చూస్తే చెప్పమని వెళ్లిపోయింది. ఎవరని నేను అడగలేదు. అడగకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇలాంటప్పుడు దానివల్ల జరిగే నష్టం ఎవరూ నా ఖాతాలో వెయ్యరు.

నా ఐదు మాటలు అప్పటికే పుస్తకంలో పడి ఉన్నాయి. దానికి రెండు రోజుల ముందు వాచ్‌మన్ సెలవు పెట్టాడు. వెనక గేటు తాళం తీయడానికి నేను వెళ్లాను. నా గది రోడ్డు పక్కన ఉంటుంది, బస్సుల మోతలో ఇంకేదీ వినపడదు. అక్కడ, కొలను వెనక, మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. తల ఎత్తాను. ఎండిన చెట్టు మాను మీద ఒక పిట్ట నిలువుగా అతుక్కుని ఉంది. వీపు పసుపు, బంగారంలా మెరిసే పసుపు. నెత్తిమీద ఎర్రటి కుచ్చు. మెడ మీద నలుపు తెలుపు గీతలు, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. తోకను మానుకు ఆనించి, దాన్ని ముక్కాలి పీటలా వాడుకుంటోంది. తల వెనక్కి తీసి కొట్టింది. కొట్టినప్పుడు తల కనిపించలేదు, చప్పుడు మాత్రం వచ్చింది. చెక్క పొట్టు నా జడ మీద పడింది. ఈ పిట్ట బొమ్మ మా ఆరో తరగతి పుస్తకంలో ఉండేది. బొమ్మలో అది నలుపు తెలుపుల్లో ఉండేది. దీనికి ఇన్ని రంగులున్నాయని ఆ పుస్తకం చెప్పలేదు.

వచ్చి పుస్తకం తెరిచాను. పైపు, దీపం, గొడుగు కాని సంగతి ఒకటి రాయబోతున్నానని అక్షరాలు ఒక్కొక్కటీ ఒత్తి రాశాను, అందువల్ల అవి కాస్త పెద్దవి అయ్యాయి. ఇలా రాశాను.

కొలను వెనక చెట్టుకు వడ్రంగి కన్నం పెడుతోంది.

ఆరు మాటలైనట్టున్నాయి. వడ్రంగి తర్వాత పిట్ట రాయాలి. రాస్తే గీత దాటుతుంది. చూసినవాళ్లకు తెలియదా అని వదిలేశాను.

చూసినవాళ్లు సూపరింటెండెంటు గారు. ఆయన పుస్తకం పది రోజులకొకసారి చదువుతారు. ఆ గీత దగ్గర ఆగి గుమాస్తాను పిలిచారట. గుమాస్తాకు భాష మీద పట్టు ఉందని పేరు. ఆయన గీతను రెండుసార్లు చదివి తీర్పు చెప్పాడు. మగవాడైతే పెడుతున్నాడు అని ఉండేది, పెడుతోంది అని ఉంది కాబట్టి ఆడమనిషే, మన పార్కులో వడ్రంగి ఒక్కరే, ఆవిడా ఆడమనిషే అన్నాడు. ఆడమనిషికీ పిట్టకీ మన భాష ఒకే క్రియ ఇచ్చిందన్న సంగతి ఆయనకు తెలియక కాదు. ఆ పూట పిట్ట ఆయన తలలోకి రాలేదు, అంతే.

గుమాస్తా ఈ సంగతి కాంపౌండరు చెవిన వేశాడు. కాంపౌండరు తానే కళ్లారా చూశానన్నాడు. అందులో సగం నిజం. తెల్లవారుజామున, చెట్టు చాటున, చేతిలో బరమాతో నిలబడ్డ పిన్నిని ఆయన నిజంగానే చూశాడు. బరమా అంటే పిడి తిప్పుతూ కర్రకు కన్నం పెట్టే పనిముట్టు. మర్నాటికి యాసిడ్ వచ్చింది, ఆ సాయంత్రానికి ఉప్పునీళ్లు, మరిగిన నీళ్లు వచ్చాయి. మూడో రోజు అటెండరు వచ్చి పిన్ని దగ్గర షెడ్డు తాళం తీసుకున్నాడు. సోమవారం ఆఫీసుకు వచ్చి సంజాయిషీ ఇవ్వాలన్నాడు. ఆ సోమవారానికి కాగితం గడువు ఇంకా పన్నెండు రోజులుంటుంది.

పిన్ని ఇది కూడా తన లెక్కలోనే అర్థం చేసుకుంది. కొత్తవాడు పని మొదలుపెట్టాడు, వాడికి షెడ్డు కావాలి.

సోమవారం పాత పుస్తకాలు తెమ్మంటే పట్టుకుని నేను ఆఫీసుకు వెళ్లాను. గది గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపల పిన్ని నిలబడి ఉంది. సూపరింటెండెంటు గారి ముందు నా పుస్తకం తెరిచి ఉంది. గుమాస్తా పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. ఫైలు బల్ల మీద ఉంది, చెట్టు బయట ఉంది. బయటికి వెళ్లి చూద్దామన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

"తెల్లారకముందే వస్తున్నావట, నిజమేనా?" అని ఆయన అడిగారు.

"నిజమేనండి."

"చేతిలో బరమా పెట్టుకుని."

"సంచిలో పట్టదండి. పిడి పొడుగు."

గుమాస్తా అది రాసుకున్నాడు.

"చెట్టు చాటున ఏం చేస్తున్నావమ్మా మరి?"

పిన్ని నేల చూస్తూ చెప్పింది.

"మనిషిని చూద్దామని."

"ఏ మనిషిని?"

"మీరు కొత్తగా పెట్టుకున్న వడ్రంగిని."

సూపరింటెండెంటు గారు గుమాస్తా వంక చూశారు. గుమాస్తా ఫ్యాను వంక చూశాడు.

"మేమెవరినీ పెట్టుకోలేదు."

"పెట్టుకోవద్దని నేననడం లేదండి. నా కాగితానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ ఆగమని వాడికి చెబుదామని వచ్చాను. అంతే."

"ఎవరూ లేరని చెబుతున్నాను కదమ్మా."

"మరి కొట్టేదెవరండీ? రోజూ వింటున్నాను. పనితనం ఉన్నవాడే. ఓపిక లేదు గానీ, చెయ్యి మంచిది."

అప్పుడు నాకు రెండు ముక్కలూ కలిశాయి. ఆ గదిలో నేను అప్పటిదాకా మాట్లాడింది చేరిన రోజు చెప్పిన నా పేరొక్కటే. పుస్తకాల దొంతర గడ్డం కింద పెట్టుకుని అన్నాను, "అది పిట్ట సార్."

ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఏది పిట్ట?"

"నేను రాసింది. వడ్రంగి పిట్ట సార్. గీతలో పట్టలేదు."

"ఏం పట్టలేదు?"

"పిట్ట."

గుమాస్తా పెన్నుకు మూత పెట్టి, క్రియ పిట్టకూ సరిపోతుంది సార్ అన్నాడు. అదేదో తనే కనిపెట్టినట్టు అన్నాడు.

అందరం చెట్టు దగ్గరికి నడిచాం. ముందు సూపరింటెండెంటు గారు, వెనక గుమాస్తా, అటెండరు, పిన్ని, చివర నేను. దారిలో కాంపౌండరు కలిశాడు, తోడికోడళ్లు కలిశారు. పిన్నిని పట్టుకుపోతున్నారనుకుని వాళ్లు వెంట వచ్చారు. చెట్టు కింద అందరం తలలెత్తి నిలబడ్డాం. ఏమీ లేదు. ఇద్దరు మనుషుల ఎత్తుకు ఇంకాస్త పైన గుండ్రటి కన్నం ఒకటి మాత్రం ఉంది. సూపరింటెండెంటు గారు గడియారం చూసుకున్నారు.

పిట్ట ఐదు నిమిషాలు చూసి వచ్చింది. ఎవరినీ పట్టించుకోలేదు. మాను మీద వాలి, చుట్టూ తిరిగి పైకి ఎగబాకి, కన్నం అంచు మీద మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పిన్ని నోరు కొంచెం తెరుచుకుంది. ఇన్ని రోజులుగా తన పొట్ట కొడుతున్నాడనుకున్న మనిషిని ఆవిడ ఇప్పుడు చూసింది. వాడు జానెడున్నాడు.

"తలతో కొడుతోంది," అంది నాతో, మెల్లగా. ఇంకాసేపయ్యాక అంది, "చూడు, అంచు ఎంత గుండ్రంగా వచ్చిందో. కొలతేమీ పెట్టుకోలేదు."

చిన్న తోడికోడలు దాని రంగులు బాగున్నాయంది. పెద్దావిడ కూడా బాగున్నాయంది. నాకు తెలిసి అదొక్కసారే కలిశారు.

సూపరింటెండెంటు గారికి క్షమించమనడం అలవాటు లేదు. గొంతు సవరించుకుని షెడ్డు తాళం ఇచ్చెయ్యమని అటెండరుకు చెప్పారు. తర్వాత మంచి ఆలోచన వచ్చినట్టు మొహం వెలిగింది. చెట్టు ఎలాగూ చచ్చిపోయింది కదా, కొట్టించి కర్ర పిన్నికే ఇప్పిద్దామన్నారు. ఈసారి కర్ర కొనడానికి ఆఫీసు దగ్గర డబ్బు లేదట. ఈ కర్ర పనికొస్తే ఏడాది పొడుగునా కొత్త బెంచీల పని ఉంటుంది, ఏడాది కాగితం ఇక్కడే రాయిస్తానన్నారు. పనికి రాకపోతే పాత వాటికి మరమ్మతులే మిగులుతాయి, దానికి మూడు నెలలకు మించి రాయలేనన్నారు. గుమాస్తా మళ్లీ పెన్ను మూత తీశాడు.

"కర్ర పనికొస్తుందా? నువ్వే చెప్పు."

పిన్ని మాను మీద చెయ్యి కూడా వెయ్యలేదు. పైకే చూస్తోంది. పిట్ట కన్నంలోకి దూరి, తిరిగి తల ఒక్కటి బయట పెట్టింది. ఎర్ర కుచ్చు గుమ్మంలోంచి తొంగిచూసే మనిషి తలపాగాలా ఉంది.

"పనికిరాదండి."

"చూడకుండానే?"

"చూస్తున్నాను కదండీ."

"మూడు నెలలకే రాస్తాను మరి. ఆ తర్వాత సంగతి నా చేతిలో ఉండదు."

"మూడు నెలలకే రాయండి."

గుమాస్తా రాశాడు. కొట్టివేతలకు పుస్తకంలో వీల్లేదు కాబట్టి నా చేత కింది గీతలో సవరణ రాయించారు. పై గీతలో వడ్రంగి అనగా పిట్ట. అది సరిగ్గా ఒక గీతలో పట్టింది.

ఇప్పుడు పిన్ని నడిచేటప్పుడు కూడా పైకే చూస్తుంది. తను బాగుచేసిన బెంచీకే తగిలి ఒకరోజు మోకాలు కొట్టుకుంది. బెంచీలావిడకు కళ్లు నెత్తికెక్కాయని తుడిచే మనిషి అంటే నవ్వి ఊరుకుంది. మధ్యాహ్నం నా కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతుంది. ఆ పడవ మీద నల్లది ఎందుకలా రెక్కలు చాపి నిలబడుతుంది, ఉడుత తోక ఎందుకు కొట్టుకుంటుంది అని. నాకు తెలిసింది చెబుతాను. తెలియనిది ఇద్దరం వెళ్లి చూస్తాం. రెండు నెలలు గడిచాయి, కాగితం సంగతి ఆవిడా ఎత్తదు, నేనూ ఎత్తను.

నడకవాళ్ల దగ్గర మాట మారింది. పిన్ని ఆ పిట్టను పెంచి, కన్నాలు పెట్టడం నేర్పిందని కాంపౌండరు అంటాడు. ఏడాది తిండి వదులుకుని పిట్ట గూడు కాపాడిందని పెద్ద తోడికోడలు, చెప్పేటప్పుడు ఏడ్చిందని చిన్నావిడ అంటారు. పిన్ని ఏడవలేదు. నేను పక్కనే ఉన్నాను.

ఆ సోమవారం అందరూ వెళ్లిపోయాక పిన్ని ఒక్కతే చెట్టు దగ్గర ఉండిపోయింది. నేను వెనక గేటు వెయ్యడానికి వెళ్తూ చూశాను. మాను చుట్టూ తిరిగి, బెరడు ఊడిన చోట బొటనవేలి గోరు ఆనించి నొక్కింది. గోరు సబ్బులోకి దిగినట్టు దిగింది. తీసి, కొంగుకు తుడుచుకుంది. "పనికిరాదు," అంది, ఈసారి కర్రను చూసి. అది ముందునుంచే మెత్తజాతి చెట్టు. దానితో బెంచీ చేస్తే కూర్చున్న మొదటి మనిషికే విరుగుతుంది.